తంబాకు మురిసింది

మా తాత నోట విన్న ఒక మాటను నేను ఇరవై ఏండ్లు తప్పు అర్థంతోని రాసుకున్న. ఆ మాట "మురిసింది". ఇయ్యాల దాని సంగతే రాస్తున్న.

మాది మాహూర్ దిక్కు. తెలంగాణ జనం మావురాల ఎల్లమ్మ అని మొక్కే రేణుకమ్మ కొండ మాకు దగ్గరనే. 1956 దాకా మా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాల ఉండె. రాష్ట్రాల పునర్విభజనల కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ నాందేడ్‌తోని కలిసినయి. అటుదిక్కు ముధోల్, భైంసా సర్కిళ్లు నాందేడ్ నుంచి ఆదిలాబాద్‌కు వచ్చినయి. గీత జరిగింది గని ఇండ్లల్ల మాట జరగలే. మా తాతకు కచేరీ కాయిదం ఉర్దూ, అంగడి మరాఠీ, ఇల్లు తెలుగు.

తాతకు గుడుగుడి అలవాటు. కొన్న తంబాకును అట్లనే చిలింల పెట్టెటోడు కాదు. ఆకు కట్టలను ముందుగాల గోనెసంచిల చుట్టి, గుమ్మి పక్కన చీకటి మూలకు పెడుతుండె. దాన్ని "మాగేసుడు" అనేటోడు, మామిడికాయలను గడ్డిల మాగేసినట్టే. తర్వాత ఆకును దంచి, కాకవి కలిపి పిసికి, కొత్త గురిగిల కుక్కి, మూతికి బట్టతోని వాసెన కట్టి, పైన మట్టి మెత్తెటోడు. కాకవి అంటే బెల్లం గట్టిపడక ముందటి పాకం. ఈ పేరు మాకు మరాఠీ నుంచి వచ్చింది.

నేను రోజూ అడిగేది: "తాతా, గురిగి తీస్తవా?"

"ఇంక మురియలే బిడ్డా."

ఒకనాడు మట్టి పగలగొట్టి, వాసన చూసి, "ఆఁ, మురిసింది" అన్నడు. ఆయన మొకం గూడ అట్లనే వెలిగింది. అందుకే నాకు అనుమానం రాలే. కాలేజీల ఉన్నప్పుడు మా యాస మాటల నోటుబుక్కుల ఇట్ల రాసుకున్న: "మురియు – సంతోషపడు. తాత తంబాకును గూడ మనిషి లెక్క చూసెటోడు." ఎంత మంచి భావమో అని నేనే మురిసిన.

తాత పోయినంక చాన ఏండ్లకు, పక్కింటి కాకూను మామిడి తొక్కు అడిగితే ఆమె, "లోణచం అజూన్ మురలం నాహీ" అన్నది. తొక్కు ఇంకా ఊరలేదని. మరాఠీల మురణే అంటే ఉప్పు, కారం, తీపి లోపలిదాక ఇంకి పదునుకు వచ్చుడు. నా చేతిల గిన్నె అట్లనే ఉన్నది. తాత తంబాకు సంతోషపడలే, ఊరింది. మరాఠీ క్రియకు మన తెలుగు తొడుగు వేసి వాడిండు ఆయన.

అప్పుడు ఇంకోటి అర్థమైంది. తాత రెండు పనులకు రెండు మాటలు ఉంచుకున్నడు. తడి లేకుండ, ఆకు తన వేడితోని తాను మారితే మాగుడు. తీపి కలిసి, మూతవడి, లోపల పులిసి మారితే మురుసుడు. పట్నంల ఈ రెండో తీరు హుక్కా తంబాకును ఖమీరా అంటరు. ఖమీర్ అంటే పులియబెట్టేది, ఖమీరీ రొట్టెల ఉన్న మాటే. కోస్తా రైతులు ఎండిన ఆకును మండె కడతరు. మండె లోపల వేడి పుడితే తిరగేసి మళ్ల పేరుస్తరు. అమ్మోనియా ఘాటు పోయి, పచ్చివాసన తగ్గి, ఆకు రంగు ముదురుతది. విదేశాలల్ల పైపు తాగేటోళ్లు వర్జీనియా పొగాకును డబ్బాలల్ల మూసి, తారీకు రాసి, ఏండ్లకేండ్లు దాచుకుంటరు. మట్టి గురిగి అయినా రేకు డబ్బా అయినా ఓపిక ఒక్కటే.

మా బడిల ఒక సారు "తంబాకు అనకు, పొగాకు అను, తెలుగు మాట్లాడు" అనేటోడు. నాకు తాత మాట మీద సిగ్గయ్యేది. కని పొగాకే బయటి నుంచి వచ్చింది గద! పోర్చుగీసోళ్ల ఓడలతోని దక్కన్‌కు వచ్చింది. అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పట్టుకపోయి 1604 సుమారున అక్బరుకు చూపిచ్చిండు. 1617ల జహంగీర్ వద్దన్నా జనం మానలే. ఆకుతో పాటు దాని పేరు గూడ ఫారసీ, ఉర్దూల మీదుగ మా దాక నడిచొచ్చింది. మాహూర్ బహమనీల కాలంల ఒక తరఫు, మొగలుల కాలంల బేరార్ సుబాల ఒక సర్కారు, ఆ తర్వాత నిజాం రాజ్యం. ఇసొంటి ఊరికి తంబాకు పరాయి మాట ఎట్లయితది?

తప్పుగ వినుడు నాకొక్కనికే కాలే. కోనన్ డాయిల్ 1890ల రాసిన "ది సైన్ ఆఫ్ ఫోర్"ల షెర్లాక్ హోమ్స్ "లంకా" అనే చుట్ట పేరు చెప్తడు. గోదావరి లంకల పొగాకుతోని చేసిన చుట్ట అది. మన లంక సంగతి తెల్వనోళ్లు దాన్ని సింహళమే అనుకుంటరు. మాట ప్రయాణం చేస్తది, దాని ఊరు మాత్రం ఎనుకనే ఉండిపోతది.

పొగ తాగుమని రాస్తలేను. తాత ఆఖరి ఏండ్లన్నీ దగ్గుతోనే గడిచినయి. గురిగి పోయింది, గుడుగుడి పోయింది, పోనీ. కని ఆ నోటుబుక్కుల నేను కొట్టేసి మళ్ల రాసిన మాట తాతను అడిగితే ఒక్క నిమిషంల తేలేది. "మురిసింది అంటే ఏంది తాతా?" అని ఒక్కసారి గూడ అడగలే. అర్థమైందనే అనుకున్న.

మీ ఇండ్లల్ల తంబాకునో తొక్కునో మాగింది, ఊరింది, మురిసింది – ఏమంటరు? పెద్దోళ్లు ఉంటే ఇయ్యాలనే అడిగి రాయండి. మీకు తెలిసిన మాటనే అయినా అడగండి.