ప్రతీకార దేవుడు (యిద్దిష్ నాటకం)

'గోట్ ఫున్ నెకోమె' (ప్రతీకార దేవుడు) షోలెమ్ ఆష్ (1880–1957) 1906 ప్రాంతంలో యిద్దిష్ భాషలో రచించిన మూడంకాల నాటకం. యిద్దిష్ తూర్పు యూరపు యూదుల ఇంటి భాష. జర్మన్ మాండలికాల పునాదిపై హీబ్రూ, స్లావ్ పదాలు చేరి రూపుదిద్దుకున్న ఈ భాషను హీబ్రూ లిపిలో రాస్తారు. ఇందులో వృత్తి నాటకరంగం 1876లో రుమేనియాలోని యాష్ పట్టణంలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ చేతుల మీదుగా మొదలైంది. పాటలు, ప్రహసనాలు, కన్నీటి కథలు ఏలిన ఆ రంగస్థలంపై జేకబ్ గోర్డిన్ వంటివారు న్యూయార్క్‌లో వాస్తవికతకు చోటు కల్పించిన కొన్నేళ్లకే ఈ నాటకం వెలువడింది.

పోలెండులోని ఒక పట్టణంలో యాంకెల్ అనే యూదుడు ఇంటి అడుగు అంతస్తులో వేశ్యాగృహం నడుపుతూ, పై అంతస్తులో భార్య సారాతోను, కూతురు రివ్‌కెలెతోను గౌరవనీయుడైన గృహస్థుగా బతకాలని చూస్తాడు. సారా కూడా ఒకప్పుడు ఆ వృత్తిలో ఉన్నదే. కూతురినైనా తమ పాపం అంటకుండా కాపాడి, శాస్త్రాలు చదివిన వరునికిచ్చి పెళ్లి చేయాలన్న ఆశతో యాంకెల్ బోలెడు సొమ్ము పోసి తోరా చుట్టను రాయించి ఆమె గదిలో ఉంచుతాడు. తోరా చుట్ట అంటే మోషే పంచగ్రంథాలను లేఖకుడు చర్మపత్రంపై చేత్తో రాసిన పవిత్ర ప్రతి. అయితే రివ్‌కెలె మనసు కింది అంతస్తులోని మాంకె అనే యువతిపై నిలుస్తుంది. ఒక రాత్రి ఇద్దరూ ఇల్లు విడిచి వెళ్తారు. కూతురు తిరిగి వచ్చాక, ఆమె నిర్మలంగానే ఉన్నదా అన్న ప్రశ్నకు తెలియదన్న జవాబే దొరకడంతో, యాంకెల్ ఆమెను అడుగు అంతస్తుకు తోసి, తోరాను తీసుకుపొమ్మని పెళ్లి మధ్యవర్తి రెబ్ ఎలీతో అంటాడు. దేవునితో బేరం కుదుర్చుకోబోయిన ఈ తండ్రిని ఆష్ దుర్మార్గుడిగా తేల్చకపోవడమే నాటకానికి ప్రధాన బలం.

వార్సాలో ఐ.ఎల్. పెరెట్స్ ఇంట జరిగిన పఠనంలో, యిద్దిష్ సాహిత్యానికి పెద్దదిక్కయిన ఆయన రాతప్రతిని తగలబెట్టమని ఆష్‌కు సలహా ఇచ్చాడని ప్రసిద్ధి. రష్యా సామ్రాజ్యంలో యూదులపై మూకదాడులు (పోగ్రోమ్‌లు) సాగుతున్న రోజుల్లో, తోరాను వేశ్యాగృహం కప్పు కింద ఉంచడం, యూదు తార్పుడుగాళ్లను వేదిక ఎక్కించడం శత్రువు చేతికి ఆయుధం ఇవ్వడమేనని చాలామంది భయపడ్డారు. అయినా 1907లో బెర్లిన్‌లోని మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో రూడోల్ఫ్ షిల్డ్‌క్రౌట్ యాంకెల్‌గా జర్మన్ ప్రదర్శన జరిగింది. అదే ఏడాది న్యూయార్క్‌లో డేవిడ్ కెస్లర్ యిద్దిష్‌లోనే ప్రదర్శించగా, మతనిష్ఠ గల పత్రికలు తీవ్రంగా ఖండించాయి, సోషలిస్టు పక్షం సమర్థించింది. ఆ రగడ యూదు పత్రికల గోడలు దాటలేదు. పోలీసుల దాకా వెళ్లలేదు.

ఇంగ్లీషులోకి రాగానే పరిస్థితి మారింది. ఐజాక్ గోల్డ్‌బర్గ్ అనువాదం 1922 డిసెంబరులో న్యూయార్క్ నగరపు గ్రీనిచ్ విలేజ్‌లోని ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్‌లో ప్రదర్శితమై, 1923 ఫిబ్రవరిలో బ్రాడ్వేలోని అపోలో థియేటర్‌కు చేరింది. అక్కడికి వచ్చేసరికి వాన రాత్రి రివ్‌కెలె, మాంకెల ప్రేమ సన్నివేశాన్ని కుదించారు. టెంపుల్ ఎమాను-ఎల్ అనే యూదు ప్రార్థనాలయపు రబ్బీ (మతగురువు) జోసెఫ్ సిల్వర్‌మన్ ఫిర్యాదు పోలీసు చర్యకు దారితీయగా, నిర్మాత, స్వయంగా న్యాయవాది అయిన హ్యారీ వైన్‌బర్గర్‌తో పాటు ఈ ప్రదర్శనలోనూ నటించిన షిల్డ్‌క్రౌట్, తక్కిన నటవర్గం అశ్లీలత అభియోగంపై కోర్టు విచారణను ఎదుర్కోవలసివచ్చింది. 1923 మేలో జ్యూరీ వారిని దోషులుగా తేల్చింది. వైన్‌బర్గర్‌కు, షిల్డ్‌క్రౌట్‌కు తలా 200 డాలర్ల జరిమానా పడింది. పైకోర్టు తర్వాత ఆ తీర్పును రద్దుచేసింది. వలసలపై ద్వేషం రేగుతున్న ఆ కాలంలో ఫిర్యాదుకు ముందు నిలిచినవాడు యూదు రబ్బీయే కావడం గమనార్హం. ఇంటి గుట్టు ఇతరుల భాషలో బయటపడటమే అసలు అభ్యంతరమని అనుకోవడానికి యిద్దిష్ ప్రదర్శనపై రగడ పోలీసుల దాకా వెళ్లకపోవడం ఆధారంగా నిలుస్తుంది.

క్రీస్తు జీవితంపై రాసిన నవలల వల్ల స్వజనుల ఆగ్రహం మరోసారి చవిచూసిన ఆష్, నాజీల నరమేధం తర్వాత, 1946లో ఈ నాటక ప్రదర్శనకు అనుమతి నిరాకరించాడు. నాటకంతో పాటు దాన్ని మోసిన నటుల కథను కూడా చెప్పే పౌలా వోగెల్ రచన 'ఇన్‌డీసెంట్' 2015లో యేల్‌లో మొదలై 2017లో బ్రాడ్వేకు చేరడంతో మూలంపై ఆసక్తి మళ్లీ పెరిగింది. ఇప్పటి ప్రదర్శనల్లో యువతుల ప్రేమే కేంద్రంగా నిలుస్తున్నది. తొలినాటి విమర్శకులను కలవరపెట్టిన తోరా చుట్ట ఏమిటో మాత్రం నేటి ప్రేక్షకుల్లో చాలామందికి విడమరచి చెప్పవలసి ఉంటుంది.