దూరబోధన - ఆచార్యుని స్థానము

విశ్వవిద్యాలయాచార్యుడు తరగతి గదికి రాక, తన నివాసమునుండియే పాఠము చెప్పగోరినచో ఆ కోరికను మన్నింపవచ్చునా యను ప్రశ్న 2020 తరువాతనే పుట్టినదని పలువురి తలంపు. ఆ సంవత్సరము మార్చిలో కళాశాలలు మూతపడగా అధ్యాపకులు ఇండ్లనుండియే బోధింపవలసివచ్చెను. ద్వారములు తిరిగి తెఱచిన పిదపను కొందఱు ఆ పద్ధతినే కోరిరి. కాని యీ ప్రశ్నకు పూర్వరూపము పందొమ్మిదవ శతాబ్దియందే కలదు.

దూరవిద్యా చరిత్రలు సాధారణముగా విద్యార్థి సౌకర్యమునే చెప్పును. లండన్ విశ్వవిద్యాలయము 1858లో ఏ కళాశాలలోను చదువనివారికి సైతము పరీక్షలకు కూర్చుండు అవకాశమిచ్చినది. అచట గురువు ప్రసక్తియే లేదు.

విలియం రైనీ హార్పర్ చరిత్ర వేఱు. షికాగో సమీపమున మోర్గన్ పార్కులో హీబ్రూ భాష నేర్పుచుండిన ఈయన 1881లో ఉత్తరముల ద్వారా బోధన మొదలిడెను. పాఠపత్రము టపాలో పోవును. విద్యార్థి సమాధానములు వ్రాసి పంపును. దిద్దిన పత్రము తిరిగి అతనిని చేరును. 1886లో హార్పర్ యేల్ విశ్వవిద్యాలయమునకు తరలిపోయినను ఈ బోధన ఆగలేదు. గురువు ఊరు మాఱినను శిష్యుడు గురువును మార్చుకొన నక్కఱలేకపోయెను. చరిత్రకారులు ఒక వాక్యముతో దాటిపోవు ఈ సంగతియే మాకు ముఖ్యముగా తోచుచున్నది. షికాగో విశ్వవిద్యాలయమునకు తొలి అధ్యక్షుడైన పిదప, 1892లో ఆయన ఉత్తరబోధనకు ఆ సంస్థలోనే స్థానము కల్పించెను.

మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోను ఉత్తరబోధనకు పూనుకొన్నవి. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. ఇచట పాఠము వ్రాయువాడొకడు, అధ్యయనకేంద్రమున విద్యార్థికి ఎదురుగా కూర్చుండువాడు మఱియొకడు. హార్పర్ ఒక్కడే మోసిన పనిని రెండుగా విభజించి, రెండవ పనికిని పేరును పారితోషికమును ఏర్పఱచినారు.

వ్యాధిగ్రస్తుడైన ఆచార్యునో, వృద్ధులైన తల్లిదండ్రులను విడిచి రాలేనివానినో నిరాకరించి అతని విద్వత్తును పోగొట్టుకొనుట అవివేకమని మా అభిప్రాయము. అలంకారశాస్త్రమును దూరమునుండి చక్కగా చెప్పవచ్చును. తాళపత్రము మాట వేఱు. తెరపై దాని చిత్రము పెద్దదిగానే కనబడును, నిజమే. కాని ఆకుపై మసి పూసి అక్షరమును తేటపఱచుట ప్రక్కన కూర్చుండి చూపవలసినదే. కావున మన్నింపు వ్యక్తినిబట్టి గాక పనినిబట్టి యుండవలెను.

ఇక మిగిలినది సహాధ్యాపకుని సంగతి. దూరముననున్న ఆచార్యుని పరిశోధక విద్యార్థి సంతకము కొఱకో సందేహము కొఱకో ప్రక్కగది తలుపు తట్టును. అధ్యయనకేంద్రమున లెక్కకెక్కిన ఆ రెండవ పని, శాఖలలో సాధారణముగా ఎవరి లెక్కలోను చేరదు.