ఆబాన్ నెల ఏ సంవత్సరంలో వచ్చింది?

దసరాకి బొంరాస్‌పేట వెళ్ళినప్పుడు నాయన నాకో పని పెట్టాడు. ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, పోయినవాళ్ళ తిథులు, ట్రంకుపెట్టెలోని పాత కాయితాల తారీఖులు అన్నీ ఫోన్లో ఎక్కించి అందరికీ కనబడేట్టు చెయ్యమన్నాడు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కదా, ఒక సాయంత్రం పని అనుకున్నాడు. నేనూ అట్లనే అనుకున్నాను.

ఉమ్మడి క్యాలెండర్ ఒకటి తయారుచేసి నాయనతో, చెల్లెతో, తాండూరులో ఉండే మా పెద్దనాయన కొడుకుతో పంచుకున్నాను. మొదట వచ్చినవి మామూలు తలనొప్పులే. ఒకే పెళ్ళిరోజు రెండుసార్లు కనబడింది. అమెరికాలో ఉన్న చెల్లెకి ఒక పుట్టినరోజు ముందురోజే మోగింది. అవన్నీ సర్దుకున్నాయి. అసలు తప్పు మాత్రం ఎవరి ఫోన్లోనూ తప్పులా కనబడలేదు. అన్ని ఫోన్లలోనూ ఒకేలా, చక్కగా కూర్చుంది.

అది ఒక సాదా బైనామా. ఉర్దూలో రాసిన తెల్లకాయితం. మా పెద్దతాత పేరు మీద రెండెకరాలు కొన్నట్టుంది. తాండూరులో ఉర్దూ తెలిసిన ఒక రిటైర్డు సారుతో చదివించుకున్నాం. తారీఖు 20 ఆబాన్ 1356 ఫసలీ. ఆబాన్ అంటే సెప్టెంబర్ అటూఇటూ అని ఆయన చెప్పాడు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని ఎక్కడో చదివినట్టు గుర్తు. కలిపాను. 1946 సెప్టెంబర్ అని క్యాలెండర్‌లో ఎక్కించాను.

నాయన ముఖం వెలిగింది. "సర్వజిత్తు ఉగాదికి గదరా అన్నదమ్ములు వేరు పడ్డది! ఇది అంతకు ముందే కొన్నరన్నట్టు. ఉమ్మడి పైసలతోని కొన్నదాంట్ల సగం మనది గాదా?" సర్వజిత్తు ఉగాది 1947 మార్చిలో వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆయన మనసులో గుచ్చుకుంటున్న ముల్లు అది. ఆ ముల్లుకి నేను రుజువు చూపించాను. ఆ రాత్రికే అది తాండూరు అన్న ఫోన్లోకీ చేరింది. వారం పాటు ఆయన నాకు ఫోన్ చెయ్యలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి, నాలుగు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి.

పీర్ల పండుగ ఒకప్పుడు ఎండల్లో వస్తుంది, కొన్నేళ్ళకి చలికాలంలో వస్తుంది. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే కావడం వల్ల ఏడాదికి దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. మన పంచాంగం కూడా చాంద్రమానమే, కాకపోతే పందొమ్మిదేళ్ళలో ఏడు అధికమాసాలు వేసి ఉగాదిని రుతువుకి కట్టేసి ఉంచుతుంది. హిజ్రీలో ఆ కట్టు లేదు. మరి శిస్తు వసూలు దాని ప్రకారం చేస్తే? పంట సూర్యుడి లెక్కన వస్తుంది, శిస్తు చంద్రుడి లెక్కన వస్తుంది. ముప్పై రెండు పంటలకి ముప్పై మూడు శిస్తులు పడతాయి. రైతు ఒక ఏడాది శిస్తు ఊరికే కట్టాలి.

అక్బరు కాలంలో దీనికి చేసిన మందు ఫసలీ. ఫసల్ అంటే పంట. హిజ్రీ 963ని, అంటే 1556 ప్రాంతపు సంవత్సరాన్ని, అంకె మార్చకుండా అట్లాగే తీసుకుని అక్కడినుంచి సౌరమానంలో లెక్కపెట్టారు. మా భాషలో చెప్పాలంటే హిజ్రీని కాపీ చేసి, ఆ కాపీని వేరే గడియారానికి తగిలించారు.

ఇదే పని దక్కనులో షాజహాను కాలంలో, 1636లో జరిగింది. అప్పటికి హిజ్రీ 1046 నడుస్తోంది. ఇక్కడి ఫసలీ ఆ అంకెతో మొదలైంది. కానీ అసలు హిజ్రీ ఈ ఎనభై ఏళ్ళలోనూ తన వేగంతో ముందుకి పోతూనే ఉంది కదా. అందుకని ఉత్తరాది ఫసలీకీ దక్కను ఫసలీకీ రెండేళ్ళ పైచిలుకు తేడా వచ్చింది. పేరు ఒకటే, పుట్టిన మూలం ఒకటే, కాపీ తీసిన రోజులు వేరు. రెండు ఫోన్లలో ఒకే క్యాలెండర్ వేర్వేరు రోజుల్లో దించుకుని, మళ్ళీ ఎప్పుడూ కలపకపోతే జరిగేది ఇదే.

దక్కను ఫసలీ మళ్ళీ రెండైంది. మద్రాసు ప్రభుత్వం 1855 నుంచి ఫసలీని జులై 1న మొదలుపెట్టింది. ఆంధ్రలో జమాబందీ లెక్కలకి ఇప్పటికీ అదే. నిజాం రాజ్యంలో మాత్రం సంవత్సరాది అక్టోబర్ 6న. నెలలకి పారశీక పేర్లు: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. అట్లాగని ఇరాన్ క్యాలెండర్ పెట్టి చూసినా దారి తప్పుతాం. ఇరాన్‌లో ఆజర్ నవంబర్ చివర్లో మొదలవుతుంది, హైదరాబాదు ఆజర్ అక్టోబర్‌లో.

1947 ఆగస్టు 15 సంగతే చూడండి. గుంటూరు తాలూకా కచేరీలో ఆ రోజు ఫసలీ 1357. మా కొడంగల్ తాలూకాలో ఇంకా 1356. ఇద్దరూ ఫసలీ అనే అంటారు, ఇద్దరూ కరెక్టే.

నా తప్పు ఎక్కడో నాకప్పుడు తెలిసింది. హైదరాబాదు ఫసలీ అక్టోబర్‌లో మొదలవుతుంది కాబట్టి మొదటి మూడు నెలలకే 590 కలపాలి. జనవరి దాటిందంటే మిగిలిన తొమ్మిది నెలలూ 591. ఆబాన్ పన్నెండో నెల, ఏడాదికి తోక. 1356 ఆబాన్ అంటే 1947 సెప్టెంబర్. అన్నదమ్ములు వేరుపడ్డ ఆరు నెలల తర్వాత.

నిజం చెప్పాలంటే, నా లెక్క తప్పయితే బాగుండు అనిపించింది. కాయితం ఫోటో మళ్ళీ సారుకి పంపించాను. కింద మూలలో చిన్నగా ఇంకో తారీఖు కూడా ఉందన్నాడు: జిల్కద్ 1366. హిజ్రీ. 1947లో రంజాన్ పండుగ ఆగస్టు 18న వచ్చింది. ఆ రోజుతో షవ్వాల్ మొదలు, దాని తర్వాతి నెల జిల్కద్. అంటే సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగం వరకు. రెండు లెక్కలూ ఒకే చోట కలిశాయి. ఏడాది ముందైతే హిజ్రీ 1365 ఉండేది. కాయితం రాసినాయన రెండు తారీఖులు వేసి, ఎనభై ఏళ్ళ తర్వాత నాలాంటివాడు చేసే తప్పుని ముందే దిద్దిపెట్టాడు.

క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఐకాలెండర్ అనే ప్రమాణం ఉంది. 1998లో వచ్చింది, 2009లో సవరించారు. అందులో ప్రతి సంఘటనకీ యూఐడీ అని ఒక గుర్తు ఉంటుంది. తారీఖు మారినా గుర్తు మారదు కాబట్టి పాతదాన్ని దిద్దాలని, కొత్తది చేర్చకూడదని యాప్‌కి తెలుస్తుంది. ఆ గుర్తు చెడితే ఒకే పెళ్ళిరోజు రెండవుతుంది. ఇంకో మంచి నియమం కూడా ఉంది. ఏ ఊరి సమయంలో రాశామో ఆ ఊరి టైమ్‌జోన్ పేరుతో సహా దాచిపెట్టుకోవచ్చు. మార్చిన అంకె మాత్రమే దాస్తే, మార్చిన పద్ధతి తప్పని తేలిన రోజు వెనక్కి వెళ్ళే దారి ఉండదు. నేను చేసింది సరిగ్గా అదే. ఆబాన్ పారేసి సెప్టెంబర్ దాచాను.

మన చట్టాలు నాకన్నా తెలివిగా ఉన్నాయి. తెలంగాణ ప్రాంతపు భూమి శిస్తు చట్టాన్ని కోర్టుల్లో ఇప్పటికీ 1317 ఫసలీ చట్టం అనే అంటారు, దాన్ని 1907 అనో 1908 అనో మార్చలేదు. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. స్వతంత్ర భారతంలో, పోలీసు చర్య తర్వాత జరిగిన ఆ పనికి కూడా కాయితం మీద ఉన్న సంవత్సరం 1358 ఫసలీయే. మరుసటి ఏడాది వచ్చిన కౌలుదారీ చట్టానికి వచ్చేసరికి అది 1950. ఆ సందులో ఎక్కడో ఒక రాజ్యం గడియారం ఆగిపోయింది. మా ఊరివాళ్ళకి ఇది కొత్తేం కాదు. 1956లో కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లానుంచి మహబూబ్‌నగర్‌లోకి వచ్చింది. 2016 దసరానాడు బొంరాస్‌పేట వికారాబాద్ జిల్లా అయింది. ఊరు కదల్లేదు, కాయితం మీద పేర్లే మారాయి. పాత పేరు తెలియనివాడికి పాత కాయితం దొరకదు.

సింక్ అనే మాటని రోజూ ఆఫీసులో వాడతాను. అన్ని కాపీలూ ఒక్కటైతే పని అయిపోయిందనుకుంటాం. ఆ కాపీలు నిజమో కాదో చెప్పడం దాని పని కాదు. మా నలుగురి ఫోన్లూ పూర్తిగా సింక్ అయి ఉన్నాయి, నాలుగూ అబద్ధమే చెప్పాయి. పైగా నాలుగు చోట్ల కనబడేసరికి అది ఇంకా గట్టి నిజంలా అనిపించింది.

నాయనకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఫోన్లో కాదు, ఊరికి పోయి చెప్పాను. పలకమీద రాసినట్టు నెలలన్నీ వరసగా రాసి చూపించాను. చాలాసేపు ఆ కాయితాన్నే చూశాడు.

"అయితే అది మా పెదనాయన సొంతంగ కొన్నదే."

"అవును నాయనా."

"మరి నువ్వు ముందుగాల గట్లెట్ల చెప్తివి?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి ఆయనే ఫోన్ తీసి తాండూరుకి కలిపాడు. "మీ తమ్ముడు లెక్క తప్పు చేసిండు బిడ్డా. భూమి మీదే," అన్నాడు. అవతల అన్న ఏమన్నాడో నాకు వినబడలేదు. పెత్తరమాసకి ఈసారి అందరం ఒక్కచోటే చేసుకుందామని మాత్రం నాయన అన్నాడు.

క్యాలెండర్‌లో ఆ ఎంట్రీ దిద్దాను. ఫోన్లో హిజ్రీ ఉంది, పారశీకం ఉంది, 1957లో ప్రభుత్వం తెచ్చిన జాతీయ శక క్యాలెండర్ ఉంది. ఫసలీ లేదు. అందుకని పేరు స్థానంలోనే రాసిపెట్టాను: 20 ఆబాన్ 1356 ఫసలీ, హైదరాబాదు లెక్క. దాని కింద జిల్కద్ 1366. ఆ కింద, అన్నిటికన్నా చివర, 1947 సెప్టెంబర్.