ఎం.ఏ. పట్టమునుండి పరిశోధన పట్టమునకు: రాయలసీమ విద్యాచరిత్రలో ఒక అధ్యాయము

ఒక విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిన విద్యార్థి డాక్టరేటునకును అచ్చటనే పరిశోధన సాగింపవచ్చునా, లేక వేఱొక విశ్వవిద్యాలయమునకు పోవలెనా అను ప్రశ్న మన తెలుగు శాఖలలో ఏటేట వినవచ్చుచుండును. పోవలెననువారి కారణము స్పష్టమే: ఒకే గురువులవద్ద ఏండ్లతరబడి చదివినవానికి రెండవ దృష్టి అలవడదు. ఉండవచ్చుననువారు గ్రంథాలయము, నివాసము, వ్యయము మొదలగు సౌకర్యములను పేర్కొందురు. ఈ ఉభయపక్షములవారును ఒక విషయమును విస్మరించుచున్నారు. ఇంటికి చేరువనున్న విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివి, అచ్చటనే పరిశోధనకు సాగు వీలు రాయలసీమవారికి అనాయాసముగా లభించినది కాదు, అడిగి సాధించుకొన్నది. దానిని అడిగినవారి ఆశయమేమో తెలిసినగాని, నేడు దానిని ఎట్లు వినియోగించుకొనవలెనో తేలదు.

ఈ చరిత్రను చూచుటకు కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతమునందలి మైలవరమును నెలవుగా గైకొందము. పెన్నానదిపై జలాశయముగల ఈ యూరు నేడు మండల కేంద్రము. గండికోట దీనికి చేరువ. భాషాచరిత్రకు వలయు సామగ్రికి ఈ చుట్టుపట్ల కొఱతలేదు. తెలుగున లభించిన తొలి శాసనములలో నొకటిగా ఎన్నబడు కలమళ్ల శాసనము యెఱ్ఱగుంట్ల మండలమునందు దొరకినది. అది సుమారు క్రీ.శ. 575 నాటిది, రేనాటి చోళుల కాలపుది. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున మెకంజీ సహాయకులు ఈ సీమ గ్రామముల వృత్తాంతములను కైఫీయతులుగా వ్రాయించిరి. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌను, తరువాతి కాలమున అచ్చటి తన బంగళాలో పండితులను పోషించి తాళపత్ర గ్రంథములకు శుద్ధప్రతులు సిద్ధము చేయించెను. ఇట్లు సామగ్రి కడప సీమలో నుండగా, దానిని పరిశీలించి ఉన్నత పట్టమును పొందదగిన చోటు మాత్రము చెన్నపట్టణమునందుండెను.

మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడినది. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసిన పిదప రాయలసీమ యువకులకు కళాశాల విద్య కొంత దగ్గరయైనది. అయినను ఆ పై మెట్టునకు ప్రయాణము తప్పలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితమైనప్పుడు దత్తమండలములును దాని పరిధిలో చేరినవి. కాని కేంద్రము ఎచ్చట నుండవలెనను వివాదము చెలరేగి, కొన్ని యేండ్లలోనే అవి మరల మద్రాసు విశ్వవిద్యాలయము క్రిందికి పోయినవి. ఆ నాటి మనస్తాపము 1937 నవంబరు 16వ తేదీన జరిగిన శ్రీబాగు ఒడంబడికలో స్పష్టముగా కానవచ్చును. నీటి వసతులు, శాసనసభ స్థానములు, రాజధాని మొదలగు పెద్ద విషయములతోపాటు, అనంతపురమునను ఒక విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెనను షరతు అందు చోటుచేసికొన్నది. సాగునీటికిని ఉన్నత విద్యకును ఒకే పత్రమున స్థానమిచ్చిన ఆ పెద్దల దృష్టిలో విశ్వవిద్యాలయము అలంకారము కాదు, అక్కఱ.

ఈ మధ్యకాలమునకు డాక్టరు చిలుకూరి నారాయణరావుగారి జీవితము మంచి నిదర్శనము. వారు పుట్టినది ఉత్తరాంధ్రమున. పాఠము చెప్పినది అనంతపురము కళాశాలలో. డాక్టరేటు నిచ్చినది మద్రాసు విశ్వవిద్యాలయము. వారి 'ఆంధ్రభాషాచరిత్రము'ను 1937లో ప్రకటించినది ఆంధ్ర విశ్వవిద్యాలయము. 1928లో నంద్యాల సభలో దత్తమండలములకు 'రాయలసీమ' అను పేరును ప్రతిపాదించినవారును వీరే. ఒక పండితుని కృషి ఇన్ని తావులను కలిపికొనవలసి వచ్చుట ఆయన దక్షతను తెలుపును. ఆ దక్షతయు, దానికి తగిన అవకాశమును లేనివారు ఎందఱు మధ్యదారిలో ఆగిపోయిరో ఊహింపవచ్చును.

1953లో ఆంధ్ర రాష్ట్రము అవతరించిన మఱుసటి యేడు, 1954లో, తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1977లో ఆ విశ్వవిద్యాలయమే కడపలో స్నాతకోత్తర కేంద్రమును తెఱచినది. ఆ కేంద్రము 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయముగా రూపొందినది. బ్రౌను బంగళా వెలసిన చోటనే ఏర్పడిన గ్రంథాలయము నేడు సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రముగా ఆ విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యున్నది. మైలవరము విద్యార్థికి చెన్నపట్టణము నుండి తిరుపతికిని, తిరుపతి నుండి కడపకును పైచదువు దగ్గరగుటకు నూఱేండ్లకు పైగా పట్టినదన్నమాట.

దగ్గరయైనందున ఫలమేమి? దీనికి సమాధానముగా ఒక గ్రంథమును చూపవచ్చును. కమలాపురము తాలూకా రంగశాయిపురమున 1939లో జన్మించిన కేతు విశ్వనాథరెడ్డిగారు కథకులుగా ప్రసిద్ధులు. వారు కడప జిల్లా గ్రామనామములపై పరిశోధన చేసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందిరి. ఆ కృషి 'కడప ఊళ్లు - పేర్లు' అను గ్రంథముగా 1976లో వెలువడినది. ఊరిపేరు చూచుటకు చిన్నమాట. కాని దానిని విడదీయుటకు శాసనము చదువవలెను, కైఫీయతు తిరుగవేయవలెను, ఊరి పెద్దల నోటి పలుకుబడి వినవలెను, చెఱువును గుట్టను కంటితో చూడవలెను. ఇవన్నియు దూరమున కూర్చుండి చేయదగిన పనులు కావు.

మైలవరము అను పేరునే తీసికొందము. తుది పదమగు 'వరము' 'పురము'నకు రూపాంతరమని చెప్పుట ఊరిపేళ్ల విచారణలో పరిపాటి. పూర్వపదము మాటేమి? 'మైల' అనగా అశౌచమని నిఘంటువు చూచి నిర్ణయించువాడు తొందరపడినవాడగును. దక్కనుసీమలో ఆరాధింపబడు మైలారుదేవుని తలపు తెచ్చుకొనువాడు కొంత యోచించినవాడే, కాని ఆ దేవుని ఆరాధన ఈ యూర నుండెనని చూపనిదే అతని మాటయు ఊహయే. పూర్వపు కృష్ణా జిల్లాలో, అనగా 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో, మఱియొక మైలవరము కలదు. రెండు పేళ్లకును మూలమొక్కటియేనా, వేఱువేఱా? ఎం.ఏ. విద్యార్థి ఇంతవఱకు వచ్చి, ఒకరి అభిప్రాయమును ఉదాహరించి సమాధానము వ్రాయును. దానికి మార్కులును వచ్చును. పరిశోధకుడు ఈ ప్రశ్నవద్దనే పని మొదలుపెట్టవలెను. రెండు పట్టములకును గల భేదము చోటునకు సంబంధించినది కాదు. తెలిసిన దానిని చెప్పుటకును, తెలియని దానిని తెలిసికొనుటకును గల భేదమది.

ఈ పనికి కాలనియమమును కలదు. మైలవరమునకు ఎగువన పెన్నపైననే గండికోట జలాశయము నిర్మితమైనది. దానిలో నీరు నింపినకొలది కొండాపురము మండలమున పలు గ్రామములు ముంపునకు లోనైనవి. 2020లో తాళ్లప్రొద్దుటూరు అట్లే ఖాళీ యయ్యెను. జలాశయము సీమకు కావలసినదే. కాని ఊరు కదలినప్పుడు పొలముల పేళ్లు, బావుల పేళ్లు, దారుల పేళ్లు వెంట రావు. వానిని వ్రాసికొనవలసినవాడు ముంపునకు ముందు రావలెను. శ్రీబాగు పెద్దలు అడిగిన చేరువకు అసలైన ప్రయోజనమిదియే.

ఇక ఒకే విశ్వవిద్యాలయమున రెండు పట్టములు పొందుటచేత దృష్టి సంకుచితమగునను ఆక్షేపమును విచారింతము. దీనికి ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర తగిన తార్కాణము. 1918లో ఉర్దూ బోధనభాషగా వెలసిన ఆ సంస్థలో తెలుగు శాఖ ఖండవల్లి లక్ష్మీరంజనముగారి వంటి పెద్దల నాయకత్వమున ఎదిగినది. బిరుదురాజు రామరాజుగారు అచ్చటనే ఎం.ఏ. చదివి, అచ్చటనే తెలుగు జానపదగేయ సాహిత్యముపై డాక్టరేటు పొందిరి. ఆ గ్రంథము 1958లో వెలువడినది. సి. నారాయణరెడ్డిగారు అచ్చటనే 1954లో ఎం.ఏ., 1962లో డాక్టరేటు పొందిరి. వారి విషయము ఆధునికాంధ్ర కవిత్వమునందలి సంప్రదాయములు, ప్రయోగములు. ఒకరు పల్లెలలోని పాటకు పోయిరి. వేఱొకరు తమ కాలపు కవిత్వమునకు పోయిరి. శాఖ యొక్కటే, దారులు రెండు. వారు విశ్వవిద్యాలయమును మార్చలేదు; వారి సామగ్రి మాత్రము తరగతి గది వెలుపల నుండెను. సంకుచితత్వము చోటువలన కాక సామగ్రివలన కలుగునని దీనివలన గ్రహింపవచ్చును.

అట్లని ఆక్షేపము నిరాధారమనరాదు. ఎం.ఏ.లో వ్రాసిన పాఠమునే పెంచి, 'ఫలానికవి రచనలు - సమగ్ర పరిశీలన' యని పేరు పెట్టి సమర్పించు వ్యాసములు మన శాఖలన్నిటను కలవు. పర్యవేక్షకుని అభిప్రాయమునకు భిన్నముగా ఒక్క వాక్యమైనను లేని సిద్ధాంతవ్యాసములను నేనును పరిశీలించియున్నాను. సిద్ధాంతవ్యాసములను ఇతర విశ్వవిద్యాలయముల పండితులచేత పరీక్షింపజేయు నియమము ఈ దోషమును వారించుటకే ఏర్పడినది. కాని ఆ పరీక్షకుడు చివర వచ్చును. పని యంతయు అప్పటికే ముగిసియుండును. కావున తమ విద్యార్థిని తమవద్దనే నిలుపుకొను శాఖ, తొలి సంవత్సరముననే అతనిని ఆరు నెలలైనను వేఱొక చోటి గ్రంథాలయమునకో, శాసనాగారమునకో, గ్రామములకో పంపుట మంచిది. చదివిన పుస్తకముల పట్టికతోపాటు తిరిగిన ఊళ్ల పట్టికను అడుగుట ఇంకను మంచిది.

ఈ విషయమిప్పుడు మఱింత ముఖ్యమైనది. 2022 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ నిబంధనలతో ఎం.ఫిల్. పట్టము నిలిచిపోయినది, నాలుగేండ్ల డిగ్రీని 75 శాతము మార్కులతో ముగించినవారు ఎం.ఏ. లేకయే పరిశోధనకు అర్హులైరి. ఎం.ఏ.కును డాక్టరేటునకును నడుమ అభ్యాసమునకు తావిచ్చిన మెట్టు తొలగినది. ఆ అభ్యాసమును ఎం.ఏ. రెండవ సంవత్సరముననే మొదలుపెట్టవలసిన భారము అధ్యాపకులపై పడినది. మైలవరమునుండి వచ్చిన విద్యార్థికి తన యూరి పేరునే మొదటి ప్రశ్నగా ఇచ్చి, సమాధానము పుస్తకమునుండి కాక పెన్నయొడ్డునుండి తెమ్మని పంపుదము. అతడు తిరిగివచ్చి మనము చెప్పిన పాఠమున ఒక తప్పు చూపినయెడల, అతనిని డాక్టరేటునకు ఇచ్చటనే నిలుపుకొనుటకు సందేహింప నక్కఱలేదు.