సున్నా బిల్లు వెనక చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

"మీకేంది, కరెంటు కూడా ఉత్తగనే ఇస్తున్నరు" అనే మాట కాలేజీల్లో మనలో చాలామంది విన్నదే. ఈ "ఉత్త కరెంటు" మన ఇంటిదాకా ఎట్లా వచ్చిందో తెలిస్తే ఆ మాటకు జవాబు మనకే దొరుకుతుంది.

ముందు కరెంటు ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1955లో ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. దానికోసం దాదాపు 3 వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. వాళ్ళలో సగం మంది ఆదివాసీలే. కరెంటు మాత్రం విశాఖపట్నం వైపు పోయింది. అదే నది కిందికి వచ్చి సీలేరు అవుతుంది. దాని మీద మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల కేంద్రం కట్టారు. ఇటు మన పాల్వంచలో 1966 నుంచి థర్మల్ స్టేషన్ నడుస్తోంది. నీళ్ళు, బొగ్గు, భూమి ఏజెన్సీవి. 2014లో మోతుగూడెం ఉన్న చింతూరు మండలం ఆంధ్రలో కలిసినప్పుడు ఆ 460 మెగావాట్లు ఎవరివని పెద్ద గొడవే జరిగింది. చుట్టుపక్కల గూడేల్లో ఎన్ని ఇళ్ళకు దీపం ఉందన్న ప్రశ్న మాత్రం అంత గట్టిగా వినబడలేదు.

ఇక మన ఇంటి దీపం సంగతి. పేదల ఇంటికి ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చే కుటీర జ్యోతి పథకాన్ని కేంద్రం 1988-89లో తెచ్చింది. 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన వచ్చి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇళ్ళకు ఉచితంగా కనెక్షన్ ఇచ్చింది. అయితే అప్పటి లెక్క ప్రకారం ఊళ్ళో నూటికి 10 ఇళ్ళకు కరెంటు ఉంటే చాలు, ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే. మిగతా 90 ఇళ్ళు చీకట్లో ఉన్నా కాగితం మీద వెలుగే.

ఇంకో చిక్కు ఏమిటంటే, కనెక్షన్ ఉచితం, బిల్లు కాదు. కూలి దొరికే నెల వేరు, బిల్లొచ్చే నెల వేరు. రెండు మూడు నెలలు కట్టకపోతే బకాయి పెరిగేది, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేవాడు.

ఇంతకుముందే బిల్లు పెద్ద రాజకీయ ప్రశ్న అయింది. 2000లో ఛార్జీల పెంపు మీద పెద్ద ఉద్యమం నడిచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్‌లో ఒక సంగతి రాసుంది. ఎవరికైనా ఛార్జీ తగ్గించాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే, ఆ డబ్బు ముందుగానే కంపెనీకి కట్టాలి. అంటే మాఫీ అని మనం అనుకునేది అసలు మాఫీ కాదు. మన బదులు ప్రభుత్వం కడుతుంది.

ఆ డబ్బు ఎక్కడిది? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. జనాభాలో మన వాటా ఎంతో, ప్రణాళిక నిధుల్లో అంత మనకు ఖర్చు పెట్టాలన్నది దాని సారం. ఆ ఏడాదే నెలకు 50 యూనిట్లలోపు వాడే ఎస్సీ, ఎస్టీ ఇళ్ళ బిల్లు ప్రభుత్వం కట్టడం మొదలైంది. 50 యూనిట్లు అంటే ఎంత? రెండు 60 వాట్ల బల్బులు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. 75 వాట్ల ఫ్యాను 10 గంటలు తిరిగితే 22న్నర. టీవీ పెట్టామంటే హద్దు దగ్గరపడినట్టే. తెలంగాణ వచ్చాక దాన్ని 101 యూనిట్లకు పెంచారు. 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి మొదలై, కులంతో పనిలేకుండా తెల్ల రేషన్ కార్డున్న ఇళ్ళకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చింది.

మంచిదే. కానీ ఇక్కడే మనం గమనించాల్సింది ఉంది. 2013లో మనల్ని గుర్తించింది ఉప ప్రణాళిక, ఇప్పుడు గుర్తించేది రేషన్ కార్డు. తెలంగాణలో ఏళ్ళ తరబడి కొత్త కార్డులు రాలేదు. పెళ్ళయి వేరుపడిన మన అన్నలు, అక్కలు చాలామందికి కార్డు లేకుండానే గడిచింది. మీటరు చనిపోయిన తాత పేరు మీద, కార్డు అమ్మ పేరు మీద ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. పేదరికం ఒకటే, కాగితాలే తేడా. పైగా 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. ఒకే మీటరు మీద రెండు కాపురాలుంటే ఎండాకాలంలో అది పెద్ద దూరం కాదు.

మా ఇంట్లో బిల్లు చదవగలిగేది నేనొక్కడినే. మీలో చాలామంది పరిస్థితీ ఇదే అనుకుంటా. అందుకే ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక పని చేద్దాం. మన ఇంటిది, పక్కింటిది బిల్లు తీసి చూద్దాం. సర్వీసు నంబరు ఎవరి పేరు మీద ఉంది, ఎన్ని యూనిట్లు కాలింది, పాత బకాయి ఏమైనా ఉందా, సున్నా రాకపోతే ఎందుకు రాలేదు. గూడెంలో ఎంతమందికి సున్నా రావట్లేదో పేర్లతో రాసి గ్రామసభలో పెడదాం. 10 ఇళ్ళు వెలిగితే ఊరంతా వెలిగినట్టు రాసుకున్న కాలం ఒకటి ఉండె. ఈసారి లెక్క మనమే రాద్దాం.

జై ఆదివాసీ.