మట్టిగోడలు నేర్పిన విద్య
(శాంతినికేతన కళాభవన చరిత్రము)

మన దేశమున చేతివృత్తులు తరతరములుగా పనివాని యింటనే నేర్పబడుచు వచ్చినవి. సాలెవాని మగ్గపుగుంట, కుమ్మరి సారె, వడ్రంగి పందిరి, ఇవియే ఆనాటి బడులు. తండ్రి చేయుచుండగా కుమారుడు చూచెడివాడు, చూచి చేసెడివాడు. అట్టి విద్యను నాలుగు గోడల నడుమకు దెచ్చి బోధింపదలచినచో, ఆ గోడ లెట్లుండవలెనను ప్రశ్న తప్పదు.

ఆంగ్లేయుల పాలనలో చెన్నపట్టణమున 1850లోను, కలకత్తాలో 1854లోను, బొంబాయిలో 1857లోను కళాపాఠశాలలు వెలసినవి. పాశ్చాత్య పద్ధతిని చూచి గీయుటకు వానిలో ప్రాధాన్యము హెచ్చు. ఆంధ్రదేశమున 1910లో కోపల్లె హనుమంతరావు గారు మిత్రులతో గూడి బందరులో నెలకొల్పిన జాతీయ కళాశాల చేతిపనులకు విద్యలో గౌరవస్థానము నొసగెను. ఆ ఆశయమే వంగదేశమున మరియొక రూపము దాల్చెను.

రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున పాఠశాలను, 1919లో కళాభవనమును స్థాపించిరి. కొలది వత్సరములకే నందలాల్ బోసు దాని భారము వహించి, 1951 వరకు నడపిరి. కళాభవనము కొంతకాలము గ్రంథాలయపు మేడమీదనే సాగెను. 1927లో నందలాల్ జయపురము నుండి నరసింగ్‌లాల్ అను మేస్త్రీని రప్పించి, తడిసున్నముపై చిత్రములు వ్రాయు విధానమును ఆ గ్రంథాలయపు గోడమీదనే విద్యార్థులకు నేర్పించిరి. ముగ్గులు, కుట్టుపని నేర్పుటకు సుకుమారీదేవి గారు ఆచార్యస్థానమున నుండిరి. పట్టముకన్న పనితనమే అచ్చట గురుత్వమునకు అర్హత.

1934 ప్రాంతమున విద్యార్థుల నివాసమునకై ఒక గృహము నిర్మింప నారంభించిరి. ఇటుక, రాయి కాక పల్లెసీమలలో దొరకు మట్టినే అందులకు ఎన్నుకొనిరి. వానకు గోడలు కరగకుండుటకై పైన తారు పూసిరి. నల్లనగుటచే దానికి 'కాలోబాడీ', అనగా నల్లయిల్లు, అను పేరు వచ్చెను. గోడలపై మొహెంజొదారో, భార్హుత్, ఈజిప్టు, అస్సీరియా శిల్పముల ననుసరించి ఉబ్బుచిత్రములు మలచిరి. నందలాల్, రామ్‌కింకర్ మొదలగు గురువులును విద్యార్థులును కలసి ఆ పని గావించిరి. విద్యార్థి తాను నివసింపబోవు గోడనే పాఠముగా మలచుకొనెను. ఇట్లు భవనము విద్యకు పాత్రము మాత్రమే గాక విద్యయే యయ్యెను.

1935లో రవీంద్రుని నివాసమునకై సురేంద్రనాథ్ కర్ రూపకల్పనతో 'శ్యామలి' వెలసెను. దీనికి గోడలే గాక కప్పును మట్టిదే. 1940లో గాంధీ, కస్తూరిబా దంపతులు ఈ యింట బస చేసిరి. ప్రపంచఖ్యాతి గాంచిన కవి మట్టియింట నివసించుటచే, పేదవాని యిల్లనబడు దానికి క్రొత్త గౌరవము కలిగెను. 1938లో రామ్‌కింకర్ ఎఱ్ఱకంకరను సిమెంటుతో కలిపి సంతాలు కుటుంబమును ఆరుబయట మలచెను. పాలరాయి లేదని ఆయన ఆగలేదు. కాలిక్రింది కంకరయే కళాద్రవ్య మయ్యెను.

అయినను ఈ మార్గమునకు మూల్య మొకటి కలదు. ఇటుకగోడను పది సంవత్సరములు పట్టించుకొనకున్నను నిలుచును. మట్టిగోడ అట్లు కాదు. వానకాలము గడచిన పిదప ఎవరో మరల మెత్తవలెను, మరల అలుకవలెను. ఆ పని తెలిసిన చేతులు కరవైనచో గోడయు మిగులదు. కనుక ఇట్టి భవనమును కాపాడుట యనగా ఆ విద్యను కాపాడుటయే. 2023లో ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. గుర్తింపు గౌరవమును తెచ్చును గాని గోడను మెత్తదు.

చేతివృత్తులకు విద్యాలయము కట్టదలచువారు అంతస్తులెన్ని, గదులెన్ని యని మొదట లెక్కింతురు. అంతకుముందు అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది: ఈ గోడలలో మన విద్యార్థుల చేయి ఎంత కలదు? రేపు ఇవి బీటలువారినచో చక్కదిద్దగలవారు మన యూర నుందురా? ఈ ప్రశ్నకు ఔనని చెప్పగల ఊరిలో, విద్యాలయము చిన్నదైనను వృత్తి బ్రదికియుండును.