బూమ్ స్ప్రేయర్: ఫ్లో మీటరు సరిచూసే విధానం

ట్రాక్టరుకు అమర్చే బూమ్ స్ప్రేయరులో నాజిళ్లకు వెళ్లే ద్రావణాన్ని ఫ్లో మీటరు కొలుస్తుంది. ప్రవాహానికి లోపలి చక్రం తిరుగుతూ పల్సులను పంపుతుంది. లీటరుకు ఇన్ని పల్సులన్న సంఖ్య ఆధారంగా కంట్రోలరు పరిమాణాన్ని లెక్కిస్తుంది. చక్రం అరిగినా, మందు అవశేషాలు పేరుకున్నా లెక్క తప్పుతుంది.

పరీక్షకు మందు కలపని శుభ్రమైన నీటినే వాడాలి. ఫిల్టర్లను కడిగి, కొత్తదానికన్నా 10 శాతానికి మించి నీరు వదిలే నాజిళ్లను ముందే మార్చాలి. ట్రాక్టరును నిలిపి, పిచికారీ చేసే పీడనం వద్దనే అన్ని నాజిళ్ల నీటినీ ఒక్కొక్క నిమిషం పట్టి కూడాలి. మొత్తం 20 లీటర్లుండగా మీటరు 21 చూపితే, పాత సంఖ్యను 21తో గుణించి 20తో భాగించాలి. 200 పల్సులు 210 అవుతాయి.

సరిదిద్దకుంటే పొలంలో దాదాపు 5 శాతం మందు తక్కువ పడి కలుపు మిగిలిపోవచ్చు. మీటరు తక్కువ చూపితే మందు మోతాదు మించి పైరుకే చేటు.